తలుపు వెనక చీటీ

కంప్యూటరు బటను నొక్కిన క్షణానికీ, తెరమీద బొమ్మ కనిపించే క్షణానికీ మధ్య నిమిషమో, అరనిమిషమో వుంటుంది. ఆ నిమిషాన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. కొందరు ఆ వ్యవధిలో కళ్ళజోడు తుడుచుకుంటారు. మా బావగారైతే "ఊఁ, కానీ, కానీ" అంటూ ఎద్దుని అదిలించినట్టు దాన్ని అదిలిస్తూంటారు. నా మటుకు నాకు ఆ యంత్రం రోజంతా చేసే పనులన్నిటికంటే ఆ మొదటి నిమిషంలో చేసే పనే చూడముచ్చటగా వుంటుంది. కాలేజీలో ముప్ఫై ఏళ్ళు ఫిజిక్సు చెప్పి రిటైరైనవాణ్ణి. ఏ వస్తువైనా కదలడంకంటే, కదలడం ఎలా మొదలుపెట్టిందన్నదే నాకు ఎప్పుడూ ఆశ్చర్యం.

నిద్ర లేచిన మనిషికి తన పేరు గుర్తుంటుంది. నిన్న ఎవరితో పోట్లాడాడో కూడా గుర్తుంటుంది. కంప్యూటరుకి ఆ అదృష్టం లేదు. కరెంటు పోయిందంటే దాని బుర్రలో వున్నదంతా తుడిచిపెట్టుకు పోతుంది. మళ్ళీ బటను నొక్కేసరికి దానికి తన పేరేమిటో తెలియదు, తన చిరునామా తెలియదు, నిన్నటిదాకా ఎవరెవరికి ఏమేం పనులు చేసిపెట్టిందో అసలే తెలియదు. అప్పుడది డిస్కుమీద ఒక నిర్ణీతమైన చోట ఎవరో రాసిపెట్టిన చీటీ తీసి చదువుకుంటుంది. "నీ పేరు ఫలానా. నీ చిరునామా ఇది. ఈ డిస్కుని ఈ చోట తగిలించు. ఆ తరవాత వీళ్ళని వరసగా నిద్ర లేపు" అని ఆ చీటీలో వుంటుంది. ఇలాంటి చీటీలనే కాన్ఫిగరేషన్ ఫైళ్ళంటారు. పేరు చూసి బెదరకండి. లోపల వుండేవి మామూలు అక్షరాలే. చదవడం వచ్చిన వాళ్ళెవరైనా చదవవచ్చు.

ఈ విద్య మా ఇంట్లో ముందునుంచీ వుంది. మా ఆవిడ పుట్టింటికి ప్రయాణమైనప్పుడల్లా వంటింటి తలుపు వెనక ఒక చీటీ అంటించి వెళ్ళేది. 'ఆరింటికి పాలు, లీటరు. ఏడింటికి మోటారు, ముందు కింది కుళాయి కట్టెయ్యాలి. తులసికోటలో నీళ్ళు. గురువారం చాకలి పద్దు.' కింది కుళాయి కట్టకుండా మోటారు వేస్తే నీళ్ళు పైకెక్కవు గనక ఆ వరస ముఖ్యం. ఇంతా రాసి, రైలు కదలబోతూంటే కిటికీలోంచి తల బయటికి పెట్టి, "అన్నట్టు ఎల్లుండినుంచి పాలు అరలీటరు చాలు!" అని కేకేసేది. రెండు రోజులు మా అబ్బాయి అరలీటరే పోయించుకునేవాడు. వాడు స్నేహితులతో అరకు వెళ్ళిపోయాక, పాలు పోయించుకునే పని పక్కింటి పిల్లకి అప్పగిస్తే ఆ పిల్ల చీటీ చూసి లీటరు పోయించుకునేది. ఆ పిల్లదేం తప్పు? కిటికీలోంచి వేసిన కేక చీటీ మీదికి ఎక్కలేదు.

ఈ కేకకీ చీటీకీ వున్న తేడా జ్ఞాపకం పెట్టుకోండి. నేను చెప్పబోయేదంతా అదే.

యంత్రాన్ని లేపడాన్ని 'బూటింగు' అంటారు. బూట్లకి వెనకవైపు వుండే పట్టీలు పట్టుకుని తన్ను తానే పైకెత్తుకోవడమని ఇంగ్లీషువాళ్ళ వేళాకోళం. అందులోంచి పుట్టింది ఆ మాట. ఎంత గారడీ నేర్చిన నటుడైనా తన భుజం మీద తాను ఎక్కలేడని మన తర్కశాస్త్రంవారు ఎప్పుడో తేల్చేశారు. కంప్యూటరు మాత్రం రోజూ ఎక్కుతుంది. పాతకాలపు కంప్యూటర్లకి ముందు పలకమీద మీటలుండేవి. ఆపరేటరు ఆ మీటల్ని పైకీ కిందికీ తిప్పుతూ మొదటి నాలుగు ఆజ్ఞలూ చేత్తో ఎక్కించేవాడు. ఆ నాలుగూ తరవాతి నలభైని పిలిచేవి. ఇప్పుడా నాలుగూ ఒక చిప్పులో స్థిరంగా వుంటున్నాయి.

చీటీ సంగతి కొంచెం తరవాతది. 1963-64 ప్రాంతంలో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయంలో లూయీ పూజాన్ అనే ఫ్రెంచి ఇంజనీరుకి, ఇచ్చిన ఆజ్ఞలే రోజూ మళ్ళీ మళ్ళీ ఇవ్వడం విసుగనిపించింది. వాటినన్నిటినీ ఒక ఫైల్లో రాసి, ఆ ఫైలు చదివి ఒకదాని తరవాత ఒకటి నడిపించే పద్ధతి కల్పించాడు. దానికి 'రన్‌కామ్' అని పేరు. ఆజ్ఞలు నడిపించేదని అర్థం. 1969 లో బెల్ ప్రయోగశాలలో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్సు మొదలుపెట్టారు. పొద్దున్నే చదవవలసిన చీటీకి రన్‌కామ్‌లోని రెండక్షరాలు తీసి 'ఆర్‌సీ' అని పేరు పెట్టుకున్నారు. ఆ రెండక్షరాలూ ఈనాటికీ పోలేదు.

మనలో చాలామంది మొట్టమొదట చూసిన చీటీలు వేరు. 1990 తరవాత ట్యూటరీల్లో డాస్ నేర్చుకున్నవారికి కాన్ఫిగ్ డాట్ సిస్, ఆటోఎగ్జెక్ డాట్ బ్యాట్ అనే జంట జ్ఞాపకం వుండే వుంటుంది. ఆ రోజుల్లో ప్రోగ్రాములకి మామూలుగా దొరికే జాగా 640 కిలోబైట్లు. ఇప్పుడు ఒక్క ఫోటోకి చాలదు. ఆ ఇరుకింట్లోనే ఎలకపిల్లకి ఒక మూల, సీడీకి ఒక మూల, ప్రింటరుకి ఒక మూల ఇవ్వాలి. అందుకని ఆ రెండు చీటీల్లో లైన్లు పైకీ కిందికీ మార్చుకుంటూ రాత్రులు గడిపిన కుర్రాళ్ళు నాకు తెలుసు. నా క్లాసులో వెనక బెంచీల మీద నిద్రపోయింది వాళ్ళే.

నేను చెప్పబోయే యంత్రం డాస్ కాదు. దాని పేరు ఫ్రీబీయస్‌డీ. కాలిఫోర్నియాలో బర్కిలీ విశ్వవిద్యాలయంవారు పెంచిన యూనిక్సు వంశంలోది. 1993 నుంచీ వుంది. ఉచితం. విశాఖపట్నంలో మా ఇంటికి రెండు కిలోమీటర్ల దూరాన ఒక ధర్మాసుపత్రి వుంది. అక్కడ రోగుల లెక్కలు చూసే సర్వరులో దాన్ని పెట్టారు. పెట్టినాయన రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దమనిషి. అందరూ ఆయన్ని రైల్వే తాతగారనే పిలిచేవారు. జీతం లేదు, మధ్యాహ్నం ఒక కప్పు కాఫీ, అదీ పంచదార లేకుండా. ఆయన 2012 లో పోయారు. రిటైరై ఖాళీగా వున్నాను గదా అని, వారానికి రెండు పూటలు ఆ కుర్చీలో నేను కూచోవడం మొదలెట్టాను.

ఆ యంత్రంలో ఈటీసీ అనే అరలో ఆర్‌సీ డాట్ కాన్ఫ్ అనే చీటీ వుంటుంది. ఒక్కొక్క లైనూ ఒక్కొక్క సంగతి. యంత్రం పేరు ఒక లైను, చిరునామా ఒక లైను. తరవాత 'ఫలానా సేవ ఎనేబుల్ యస్' అని వుంటే ఆ సేవని లేపాలి, 'నో' అని వుంటే లేపకూడదు. ఏమీ రాయకపోతే? దానికి ఇంకొక పెద్ద పుస్తకం వుంది, డిఫాల్ట్స్ అని. యంత్రంతోపాటు వచ్చే సేవలకి మామూలుగా ఎలా నడుచుకోవాలో అందులో వుంటుంది. దాన్ని ముట్టుకోకూడదు, దానికి భిన్నంగా మనకి కావలసినవి మాత్రమే మన చీటీలో రాసుకోవాలి. మనం బయటినుంచి తెచ్చి పెట్టుకున్న సేవలకైతే సాధారణంగా రాయకపోవడమంటే వద్దనడమే. అడగనిదే అన్నం పెట్టని ఇల్లన్నమాట. యంత్రాల విషయంలో అదే క్షేమం.

అదీగాక ఏ లైనైనా ఒక గళ్ళ గుర్తుతో మొదలయితే — అదే, ఫోను మీద ఆఖరి వరసలో కుడిపక్కన వుంటుందే, ఆ గుర్తు — యంత్రం ఆ లైనుని చదవకుండా దాటేస్తుంది. అది మనిషి కోసం రాసింది. చాలా చీటీల్లో ఈ లైన్లు బోసిగా వుంటాయి. రైల్వే తాతగారి చీటీలో మాత్రం యంత్రానికి రాసినదానికంటే మనిషికి రాసినదే ఎక్కువ. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. 'ఇది తీయకండి. రక్తం గ్రూపుల పట్టిక దీనిమీద ఆధారపడి వుంది.' 'ఈ ప్రింటరు లేవడానికి కొంచెం టైము తీసుకుంటుంది. కంగారు పడకండి.' ప్రతిదానికింద ఒక తేదీ, ఒకే ముక్క: 'ఆర్పి వెలిగించి చూశాను. వచ్చింది.' ఏ లైనుకీ ఆ ముక్క తప్పదు. చాదస్తమని నవ్వుకునేవాళ్ళూ వున్నారు.

2014 మొదట్లో ఆసుపత్రివారు రోగుల పట్టికని కొత్త ప్రోగ్రాములోకి మార్పించారు. డయాలిసిస్ రోగులు పెరిగారు గనక అవసరమే. ఆ పని ఒక సంస్థకి కాంట్రాక్టుకిచ్చారు. ఇద్దరు కుర్రాళ్ళు వచ్చి, వారం రోజులు కష్టపడి, పాత డేటాబేసు తీసేసి పోస్ట్‌గ్రెస్ అనే కొత్తది పెట్టి, జాగా చాలదని రెండో డిస్కు కూడా బిగించి వెళ్ళారు. ఆ రోజుల్లో నేను మా అమ్మాయి పురిటికని హైదరాబాదులో వున్నాను. తిరిగి వచ్చేసరికి కొత్త ప్రోగ్రాము బ్రహ్మాండంగా నడుస్తోంది. ఫిబ్రవరినుంచి అక్టోబరుదాకా ఒక్కరోజు ఆగలేదు. జనరేటరూ, యూపీయస్సూ వుండడంతో యంత్రాన్ని ఆర్పవలసిన అవసరమే రాలేదు.

2014 అక్టోబరు 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం దగ్గర తీరం దాటిన రోజు. ఆ రోజు సంగతి విశాఖవాళ్ళకి చెప్పనక్కర్లేదు, తక్కినవాళ్ళకి చెప్పినా అర్థం కాదు. మర్నాడు పొద్దున్న లేచి చూస్తే మా వీధిలో నిలబడ్డ చెట్టు లేదు. కరెంటు స్తంభాలు నమస్కారం చేస్తున్నట్టు వంగిపోయి వున్నాయి. ఫోన్లు మూగపోయాయి.

ఎనిమిది గంటలవేళ ఆసుపత్రి వార్డుబాయి తడిసిన చొక్కాతో వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "సిస్టరమ్మ తీసుకురమ్మన్నారు బాబూ. కంప్యూటరు లెగిసింది గానీ మాటాడతం లేదు" అన్నాడు.

ఇంతకంటే సరిగ్గా ఆ జబ్బుని ఏ ఇంజనీరూ వర్ణించలేడు.

జరిగిందిది. డీజిలు ఎన్నాళ్ళు దొరుకుతుందో తెలియక ఆదివారం రాత్రి జనరేటరు ఆపేశారు. ఆపబోయేముందు సిస్టరుగారు, రైల్వే తాతగారు గోడకి అంటించిన కాగితం చూసి, వరస తప్పకుండా కంప్యూటరుని మర్యాదగా ఆర్పారు. తెల్లవారాక జనరేటరు వేసి బటను నొక్కారు. యంత్రం లేచింది. రోగుల పట్టిక మాత్రం తెరుచుకోలేదు.

డయాలిసిస్ గురించి తెలియనివారికి ఒక ముక్క చెప్పాలి. ఒక్కొక్క రోగికి వారానికి రెండు మూడుసార్లు, ఒక్కొక్కసారి నాలుగేసి గంటలు. రక్తాన్ని శుద్ధి చెయ్యడానికి ఒక్క విడతకి నూట ఇరవై లీటర్ల శుభ్రమైన నీళ్ళు కావాలి. నీరు పోయాక రోగి వుండవలసిన బరువొకటి వుంటుంది, డ్రై వెయిట్ అంటారు. ఎంత నీరు తియ్యాలో దాన్నిబట్టి లెక్క. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ ఒక్కొక్కరికి ఒక్కొక్క మోతాదు. అన్నిటికంటే ముఖ్యం, హెపటైటిస్ బీ వున్నవారిని వేరే మిషను మీదే పెట్టాలి. ఇంకొకరి మిషను మీద పెట్టకూడదు. ఇవన్నీ ఆ పట్టికలో వున్నాయి. వరండాలో చూస్తే బెంచీల మీద పద్ధెనిమిది మంది. కూలిన చెట్లు దాటుకుంటూ, కొందరు కొడుకుల వీపుల మీద ఎక్కీ వచ్చారు. అందులో ఆరుగురు ఇంతకుముందు వేరే చోటికి వెళ్ళేవాళ్ళు. అక్కడ జనరేటరు లేక ఇటు వచ్చారు. సిస్టరుగారి దగ్గర ఒక నోటుపుస్తకం వుంది. అందులో వున్నవి జూలైదాకా కట్టిన లెక్కలు. "వీళ్ళ బరువులు దసరాకి ముందు డాక్టరుగారు అన్నీ మార్చారు మాస్టారూ. మిషన్ల సంగతి నాకు నోటికి వచ్చు. బరువులు నోటికి రావు" అంది.

నేను కూచుని మొదట డేటాబేసుని లేపమని అడిగాను. యంత్రం చాలా మర్యాదగా జవాబు చెప్పింది. లేపడం కుదరదనీ, లేపాలంటే ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో దాని పేర యస్ అని రాయమనీ, లేదా 'స్టార్ట్' అనే బదులు 'వన్‌స్టార్ట్' అని అడగమనీ.

ఆ జవాబు చదవగానే ఫిబ్రవరిలో ఏం జరిగిందో సినిమాలా కనిపించింది. ఆ కుర్రాళ్ళకీ ఇదే జవాబు వచ్చి వుంటుంది. రెండు దార్లలో దగ్గరదారి పట్టారు. వన్‌స్టార్ట్ అంటే 'ఈ ఒక్కసారికీ లేపు' అని. కిటికీలోంచి వేసిన కేక. ఆ కేక మీద ఏడున్నర నెలలు ఆసుపత్రి నడిచింది.

సరే, ఇప్పుడు నేనైనా లైను రాసి లేపుదామని, ముందుజాగ్రత్తకి రోగుల సమాచారం వుండవలసిన అర తెరిచి చూశాను. ఖాళీ. ఒక్క ఫైలు లేదు.

చెప్పొద్దూ, చేతులు చల్లబడ్డాయి. వరండాలో ఎవరిదో పసిబిడ్డ ఏడుస్తోంది. డాక్టరుగారి మేనల్లుడు, ఇంజనీరింగు మూడో ఏడు చదువుతున్న కుర్రాడు, నా భుజం మీదుగా చూస్తున్నాడు. "ఖాళీగా వుంటే కొత్త డేటాబేసు తయారు చెయ్యమని ఒక ఆజ్ఞ వుంటుందండీ. అది కొడితే లేస్తుంది" అన్నాడు. అతను చెప్పింది నిజమే, లేస్తుంది. లేచి, ఇంతవరకు ఈ ఆసుపత్రికి ఒక్క రోగీ రాలేదని చెబుతుంది. "ఆగు నాయనా" అన్నాను.

ఇంకొక చీటీ వుంది. దాన్ని ఎఫ్‌స్టాబ్ అంటారు. ఏ డిస్కుని ఏ అరకి తగిలించాలో అందులో రాసి వుంటుంది. లైనుకి ఆరు గడులు: డిస్కు పేరు, తగిలించవలసిన చోటు, అది ఏ జాతిది, ఎలా తగిలించాలి, చివర రెండంకెలు. తెరిచి చూస్తే తాతగారి కాలంనాటి లైన్లే వున్నాయి. అన్నీ మొదటి డిస్కువే. యంత్రం లేచేటప్పుడు తన ఒంట్లో ఏమేం అవయవాలున్నాయో తడుముకుని ఒక జాబితా రాసుకుంటుంది. ఆ జాబితా తీసి చూశాను. అందులో రెండు డిస్కులున్నాయి. రెండోది ఒంటిమీద వుంది గాని, దాన్ని ఎక్కడ తగిలించాలో చీటీలో లేదు. అదీ ఫిబ్రవరిలో చేత్తో తగిలించి వెళ్ళిందే. కరెంటు వున్నంతసేపూ తగిలి వుంది.

ఆ డిస్కుని, చదవడానికే తప్ప రాయడానికి వీల్లేకుండా, ఒక పక్కన తగిలించి చూశాను. అన్నీ వున్నాయి. పేర్లూ, బరువులూ, మోతాదులూ, ఏ మిషనో, అన్నీ. సిస్టరుగారు నా మొహం చూసి ఏమీ అడగకుండానే వరండాలోకి వెళ్ళి, "మొదటి నలుగురూ రండి, బరువు చూసుకుంటారు" అని పిలిచింది.

ఎఫ్‌స్టాబ్‌లో ఒక లైనూ, ఆర్‌సీ డాట్ కాన్ఫ్‌లో ఒక లైనూ రాశాను. డిస్కుని దాని చోట తగిలించి, డేటాబేసుని మామూలు 'స్టార్ట్'తోనే లేపాను. లేచింది. పట్టిక తెరుచుకుంది. ఇదంతా నలభై నిమిషాల పని. కథ ఇక్కడితో అయిపోయిందనే అందరూ అనుకున్నారు.

అసలు తగువు ఆ సాయంత్రం వచ్చింది. రెండో విడత రోగులు వెళ్ళిపోయాక, మూడో విడతకి ఇంకా ముప్పావుగంట వుందనగా, "డాక్టరుగారూ, యంత్రాన్ని ఒకసారి ఆర్పి వెలిగించాలి" అన్నాను.

ఆయన నావైపు పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. పాపం, ఆయన నిద్రపోయి రెండు రోజులైంది. "మాస్టారూ, నడుస్తోందా లేదా?" అన్నారు.

"నడుస్తోందండి."

"నడుస్తున్నదాన్ని ఎందుకు ఆపడం? ఆపితే మళ్ళీ రాకపోతే?"

"రాకపోతే ఏం చెయ్యాలో ఇప్పుడైతే చూసుకోవచ్చండి. ఈ రాత్రి ఎలాగూ జనరేటరు ఆపుతారు. రేపు పొద్దున్న రాకపోతే బెంచీల మీద జనం వుంటారు."

"ఇవాళ వచ్చిందిగా?"

"ఇవాళ నేను లేపితే వచ్చింది. చీటీ చదువుకుని దానంతటది ఇంకా రాలేదు."

ఆయనకి ఈ తేడా పట్టలేదు. పట్టకపోవడం తప్పు కాదు. నడుస్తున్న యంత్రాన్ని చూస్తే, చేత్తో తోస్తే నడుస్తోందో, చీటీ చదివి నడుస్తోందో పైకి తెలియదు. తెలుసుకోవడానికి ఆర్పి చూడడం తప్ప ఇంకో దారి లేదు. చీటీలో ఒక్క కొటేషను గుర్తు మూయడం మరిచిపోయినా చాలు. ఫ్రీబీయస్‌డీ సగంలో నిలబడిపోయి, డిస్కుమీద రాయనివ్వకుండా, ఒకే ఒక మనిషిని లోపలికి రానిచ్చే స్థితిలో కూచుంటుంది. అప్పుడు దాన్ని బతిమాలి, రాయడానికి ఒప్పించి, ఆ గుర్తు పెట్టి బయటపడాలి. ఆర్పకుండానే చీటీలో వ్యాకరణదోషాలున్నాయేమో చూసే ఉపాయం ఒకటుంది; అది అంతకుముందే చూసుకున్నాను. దోషాలు లేవు. కాని వ్యాకరణం సరిగ్గా వున్నంతమాత్రాన చెప్పదలుచుకున్నది చెప్పినట్టా? పెళ్ళి శుభలేఖలో వ్యాకరణం బాగానే వుంటుంది, ముహూర్తం తప్పు పడుతుంది.

డాక్టరుగారు "వద్దు" అనేవారే. సిస్టరుగారు కల్పించుకుంది. "ఆ రైల్వే తాతగారు కూడా ఇంతేనండీ. ఏదన్నా కొత్తగా పెడితే నన్ను గడియారం పట్టుకుని నిలబడమనేవారు. ఆయన ఆర్పి చూసినవి ఇవాళ పొద్దున్న అన్నీ వచ్చాయి. ప్రింటరు వచ్చింది, రక్తం పట్టిక వచ్చింది. రానిది ఆ కుర్రాళ్ళు పెట్టిందొక్కటే" అంది.

నాకు తట్టని మాట అది. డాక్టరుగారు ఒక్క నిమిషం ఆలోచించి, "ముందు పట్టికంతా కాగితాల మీదికి ఎత్తించండి. తరవాత మీ ఇష్టం" అన్నారు. న్యాయమైన మాట. ప్రింటరు, తాతగారు రాసినట్టే, లేవడానికి కొంచెం టైము తీసుకుని పదకొండు కాగితాలు వేసింది.

ఆర్పాను. ఫ్యాను ఆగేసరికి ఆ గదిలో ఎంత నిశ్శబ్దంగా వుంటుందో మొదటిసారి తెలిసింది. బటను నొక్కాను. సిస్టరుగారు చేతి గడియారం చూస్తూ నిలబడింది. తెర మీద తెల్లటి అక్షరాలు ఒక్కొక్క లైనే పైకి పాకుతున్నాయి. తన పేరు చదువుకుంది. మొదటి డిస్కు. రెండో డిస్కు, ఈసారి దాని చోటులోనే. చిరునామా. గడియారం సరిచేసుకుంది. ప్రింటరు దగ్గర ఆగింది. నాకు తెలిసే వున్నా కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాను. దాటింది. ఆ తరవాత లైను పోస్ట్‌గ్రెస్.

"నాలుగు నిమిషాలు" అంది సిస్టరుగారు. నేను కీబోర్డు మీద చెయ్యి పెట్టలేదు. ఆవిడే తన కుర్చీలో కూచుని పట్టిక తెరిచి, మూడో విడతలో మొదటివాడి పేరు కొట్టింది. వచ్చింది.

ఆ రాత్రి జనరేటరు ఆపారు. మర్నాడు పొద్దున్న ఎవరూ నన్ను పిలవడానికి రాలేదు. మా వైపు కరెంటు రావడానికి ఇంకా చాలా రోజులు పట్టింది. ఆ రోజులన్నీ ఆ యంత్రం రోజూ ఆరుతూ వెలుగుతూనే వుంది. ఆ సంస్థవారు ఫోన్లు బాగుపడ్డాక వచ్చి, నేను రాసిన రెండు లైన్లూ చూసి, "అది నడుస్తూనే వుండాలండీ, మీరు ఆర్పబట్టి గాని" అన్నారు. నేనేమీ అనలేదు. సిస్టరుగారు అంది, అవన్నీ ఇక్కడ రాయడం బాగుండదు.

ఆ రెండు లైన్లకింద మనిషి కోసం ఒక లైను నేనూ రాశాను, తాతగారి పద్ధతిలోనే, ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు: 'రెండో డిస్కు లేకపోతే అర ఖాళీగా కనపడుతుంది. కొత్తది తయారు చెయ్యకండి. 13-10-2014. సిస్టరుగారి ఎదట ఆర్పి వెలిగించి చూశాను. వచ్చింది.'

2018 లో ఆ యంత్రాన్ని తీసేసి లినక్సు పెట్టారు. దాన్ని చూసే కుర్రాడు చురుకైనవాడు. అందులో చీటీల పద్ధతి వేరు. 2010 లో బయలుదేరిన సిస్టమ్‌డీ అనేది ఒక్కొక్క సేవకీ ఒక్కొక్క చీటీ పెట్టి, ఎవరు ముందో ఎవరు వెనకో తానే తేల్చుకుంటుంది. ఒకరికోసం ఒకరు ఆగనక్కర్లేనివాళ్ళని ఒకేసారి లేపుతుంది. అందులోనూ ఇప్పుడు లేపడానికి 'స్టార్ట్' అనీ, రేపటినుంచి లేపడానికి 'ఎనేబుల్' అనీ వేరువేరు మాటలే. రెండూ కలిపి ఒకేసారి చెప్పే వీలు కూడా పెట్టారని ఆ కుర్రాడు చూపించాడు. అంటే ఈ జబ్బు ఒక్క మా ఆసుపత్రిదే కాదన్నమాట.

డాక్టరుగారు తరవాత ఒక నియమం పెట్టారు. ప్రతి నెలా మొదటి ఆదివారం, ఆఖరి విడత అయ్యాక, యంత్రాన్ని ఆర్పి వెలిగించాలి. సిస్టరుగారు రిటైరై విజయనగరంలో కొడుకు దగ్గర వుంటోంది. ఆవిడ చోట్లో వచ్చిన అమ్మాయి చేతి గడియారం పెట్టుకోదు. సెల్‌ఫోనులో స్టాప్‌వాచ్ నొక్కుతుంది. నేను వెళ్ళడం మానేసి చాలా కాలమైనా నెలనెలా ఆ అంకె నాకు ఫోనులో పంపుతుంది. ఈ నెల ఒక నిమిషం నలభై సెకన్లు పట్టిందిట.